మిగిలిన దూది ఎవరిది?

పోయిన రంజాన్‌లో ఒక సాయంత్రం ఇఫ్తార్ అయినాక మా ఇంట్లో చిన్న గొడవ జరిగింది. బెంగళూరులో చదువుకుంటున్న మా తమ్ముని కొడుకు సెలవులకని బళ్ళారి వచ్చినాడు. మాటల్లో మాటగా, "పెదనాయనా, మనం సగం ముస్లిములమే. ఇంట్లో మాట్లాడేది తెలుగు. జేజికి నమాజులో ఉచ్చారణ కూడా సరిగ్గా వచ్చేది కాదంట. ఇవన్నీ చెప్తే నా రూమ్మేట్లు నవ్వుతారు" అన్నాడు.

పక్కనే కూర్చున్న మా చిన్నాయన ఇంకో వైపు నుంచి అందుకున్నాడు. "ఉచ్చారణలు, నమాజులు ఎవరికి కావాలప్పా? మనసు మంచిదైతే చాలు. మిగతాదంతా ఊరి కోసం చేసే పని" అన్నాడు.

ఆ రాత్రి ఇద్దరికీ సరైన జవాబు చెప్పలేకపోయినాను. ఒకరు భాష చూసి మనల్ని సగం చేసినారు, ఇంకొకరు మంచితనం పేరు చెప్పి దీన్‌ను సగం చేసినారు. రెండూ తప్పే అని నాకు అనిపించింది. ఎందుకు తప్పో మన ఇంటి పిల్లల కోసం ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన సంగతి. మనం దూదేకులవాళ్ళం. కోస్తాలో నూర్‌బాషా అంటారు, కర్ణాటకలో పింజార, నదాఫ్ అంటారు. ఏ పేరుతో పిలిచినా తాతల నాటి పని ఒక్కటే, దూది ఏకడం, పరుపులు దిండ్లు కుట్టడం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు వైపు వచ్చింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయినాయి. దాంతో ఒకే ఇంటి అన్నదమ్ములు రెండు రాష్ట్రాల వాళ్ళయినారు. ఇక్కడ మనల్ని పింజార, నదాఫ్ పేరుతో కేటగిరీ-1లో రాసుకున్నారు. ఆదోనిలో ఉన్న మన వాళ్ళను దూదేకుల పేరుతో బీసీ-బిలో రాసుకున్నారు. కాయితాల్లో పేర్లు మారినా ఇంట్లో మాట మారలేదు.

ఆ మాటే చిక్కు తెచ్చింది. మా అమ్మాయిని బడిలో చేర్చేటప్పుడు మాతృభాష దగ్గర తెలుగు అని రాస్తే, అక్కడ కూర్చున్నాయన "మీరు సాయిబులు కదా, ఉర్దూ అని రాయండి" అన్నాడు. ఇంకోసారి ఒక నికాలో నేను, మా ఆవిడ తెలుగులో మాట్లాడుకుంటుంటే, పక్క పంక్తిలో భోంచేస్తున్న పెద్దమనిషి "తెలుగోళ్ళా? మా వాళ్ళే అనుకున్నానే" అన్నాడు. ఇద్దరికీ చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఇద్దరూ ముస్లిం అంటే ఒక భాష అనుకున్నారు, అంతే.

మరి దీన్ ఏమంటుంది? ముస్లిం కావడానికి పునాది ఐదు పనులు. అల్లా ఒక్కడే అనీ, ముహమ్మద్ (స) ఆయన ప్రవక్త అనీ మనసారా నమ్మి సాక్ష్యం చెప్పడం, ఐదు పూటల నమాజు, రంజాన్ ఉపవాసాలు, జకాత్, స్తోమత ఉంటే జీవితంలో ఒక్కసారి హజ్. ఇందులో ఇంట్లో ఏ భాష మాట్లాడాలన్న షరతు ఎక్కడుంది? నమాజు చదివేది అరబ్బీలో. అరబ్బీ మన తెలుగుకు ఎట్లా పరాయిదో ఉర్దూకూ అట్లానే పరాయిది. ఉర్దూ చాలా అందమైన భాష, పిల్లలు నేర్చుకుంటానంటే నేనే ఫీజు కడతాను. దీన్ గురించి ఆ భాషలో ఉన్నన్ని పుస్తకాలు మన భాషలో లేవు. కానీ అది రాకపోతే ఈమాన్ తగ్గిపోతుందన్న మాట మాత్రం ఒప్పుకోను.

ఖురాన్ 30వ సూరాలో మనుషుల భాషలు, రంగులు వేరువేరుగా ఉండటాన్ని అల్లా సూచనల్లో ఒకటిగా లెక్కపెట్టినాడు. 14వ సూరాలో, ఏ ప్రవక్తను పంపినా ఆ జనం భాషలోనే పంపినామని ఉంది. మదీనాలో అజాన్ పిలవడానికి ప్రవక్త ఎంచుకున్న బిలాల్ అరబ్బు కాదు, హబషీ. ఖందక్ యుద్ధంలో ఊరి చుట్టూ కందకం తవ్వుదామని సలహా ఇచ్చిన సల్మాన్ పారశీకుడు. వాళ్ళను ఎవరూ సగం ముస్లిములు అనలేదు.

ఇక మన తెలుగులో దీన్ కొత్తగా వచ్చిందేమీ కాదు. పిఠాపురం ఉమర్ ఆలీషా గారు తెలుగులో కావ్యాలు, నాటకాలు రాసినారు. మనకు పక్కనే ఉన్న అనంతపురం కాలేజీలో పనిచేసిన చిలుకూరి నారాయణరావు గారు స్వాతంత్ర్యం రాకముందే ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చినారు. ఆయన ముస్లిం కారు. అంత పెద్ద పని ఆయన చేసిపెడితే, మన ఇళ్ళలో ఎంతమంది దాన్ని తెరిచినారు? ఈ ప్రశ్న నాకు నేనే వేసుకోవాలి.

ఇప్పుడు మా జేజి సంగతి. ఆమె చదువుకోలేదు. సూరాలు చెవితో విని నేర్చుకుంది, కొన్ని అక్షరాలు ఆమె నోట పలికేవి కావు. నమాజు అయినాక చేతులెత్తి తెలుగులో అడుక్కునేది. "యా అల్లా, ఎదురింటి పిల్లకు కాన్పు సుకంగా కానీ. నా కొడుక్కి కోపం తగ్గించు" అనేది. దువా ఏ భాషలోనైనా చేసుకోవచ్చు. ఉచ్చారణ మాటకొస్తే, ఖురాన్ చదవడానికి నోరు తిరగక తడబడుతూ కష్టపడి చదివేవాళ్ళకు రెండింతల పుణ్యం ఉందని హదీసు ఉంది. మా తమ్ముని కొడుకు రూమ్మేట్లకు ఆ హదీసు తెలియకపోవచ్చు. వాడు తెలుసుకుని వాళ్ళకు చెప్తే బాగుంటుంది.

చిన్నాయనకు చెప్పాల్సింది వేరే ఉంది. మనసు మంచిదైతే చాలు అంటాం కానీ, ఆ మనసు మంచిదని చెప్పేదెవరు? మనమే. మన మార్కులు మనమే వేసుకుంటే ఎవరికైనా నూటికి నూరు వస్తాయి. నమాజు దీనికి అడ్డం పడుతుంది. మా అబ్బ అంగట్లో పని ఎంత జోరుగా ఉన్నా జుహర్ వేళకు దూదేకే విల్లు గోడకు తగిలించి, గడ్డానికి అంటిన దూది దులుపుకొని వజూ చేసేవాడు. పెళ్ళిళ్ళ కాలంలో పరుపులకు జనం వాకిట్లో నిలబడి ఉన్నా ఆ పది నిమిషాలు ఆగాల్సిందే. నీకంటే పైన ఒకరున్నారు, నువ్వు చేసిన పని చూస్తున్నారు అని రోజుకు ఐదుసార్లు గుర్తు చేసేది అదే. అది లేకుండానే మంచిగా ఉండేవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ నాలాంటి మామూలు మనిషికి ఆ గుర్తు కావాలి.

అట్లని నమాజు చదివితే పని అయిపోయిందా? కాలేదు. అబ్బ పనిలో ఒక సంగతి ఉంది. పరుపు కుట్టినాక లోపల పది కిలోల దూది ఉందో తొమ్మిదే ఉందో కొన్నవాళ్ళకు తెలీదు. పాత దూది ఏకి ఇచ్చినా అంతే, తరుగు పోయిందంటే నమ్మాల్సిందే. మా అబ్బ దూదిని వాళ్ళ ముందరే తూచేవాడు. పని అయినాక మిగిలింది మూట కట్టి ఇచ్చేవాడు, లేదంటే అడిగి దిండులో కూరేవాడు. ఒకసారి అంగడి మూలలో గుప్పెడు దూది కనపడింది. అది రెండు రోజుల కింద పరుపు తీసుకుపోయిన వాళ్ళదని గుర్తొచ్చి, కౌల్ బజార్‌లో వాళ్ళ ఇంటిదాకా నడిచిపోయి ఇచ్చొచ్చినాడు. వాళ్ళు నవ్వినారు. ఇంటికొచ్చినాక మా జేజి కూడా నవ్వింది. "నవ్వేది మీరు, రేపు జవాబు చెప్పుకోవాల్సింది నేను" అన్నాడంట.

ఖురాన్‌లో 83వ సూరా మొదలయ్యేదే తూకంలో మోసం చేసేవాళ్ళ మీద కోపంతో. తమకు రావాల్సింది నిండుగా కొలుచుకుని, ఎదుటివాళ్ళకు తక్కువ కొలిచేవాళ్ళకు అది హెచ్చరిక. 107వ సూరా ఇంకా గట్టిది. ఏడే ఆయతులు. అనాథను గెంటేసేవాళ్ళు, పేదవాడికి అన్నం పెట్టమని నలుగురికీ చెప్పనివాళ్ళు, పదిమంది చూడాలని నమాజు చదివి చిన్న చిన్న సాయాలకు కూడా చెయ్యి రానివాళ్ళు అసలు దీన్‌నే కాదంటున్నట్టు లెక్క అంటుంది. మా చిన్నాయన కోపం ఇట్లాంటి నమాజీల మీదే అయితే, ఆయన కోపం ఖురాన్‌లో ముందే ఉంది. దానికి మందు నమాజు మానడం కాదు, మోసం మానడం.

ఇక జమాత్ సంగతి. ఇది రాయడం కొంచెం కష్టంగానే ఉంది. మసీదులో సఫ్‌లో నిలబడితే షేక్, సయ్యద్, పఠాన్, దూదేకుల అందరి భుజాలూ ఆనుకునే ఉంటాయి. సలాం తిప్పి బయటకొచ్చి చెప్పులు వేసుకోగానే ఎవరిది ఏ ఇల్లో గుర్తొస్తుంది. సంబంధాల మాటొస్తే "దూదేకులోళ్ళా" అని ఆగిపోయిన ఇళ్ళు మనకు తెలుసు. ప్రవక్త తన ఆఖరి హజ్‌లో అరబ్బుకు అరబ్బు కానివాని మీద ఏ గొప్పా లేదని చెప్పినారు. గొప్ప అనేది దైవభీతి ఉన్నవాళ్ళదే అని చెప్పినారు. ఆ మాట శుక్రవారం బయాన్‌లో తల ఊపుతూ వింటాం. పెళ్ళిచూపుల్లో మర్చిపోతాం.

మనమేమీ తక్కువ తినలేదు. మనకంటే బీద ఇంటి నుంచి, చిన్నదనుకునే పని చేసేవాళ్ళ ఇంటి నుంచి సంబంధం వస్తే మన పెద్దవాళ్ళూ ఇదే మాట అన్నారు. ఆ రోజు నేను అక్కడే కూర్చుని ఉండీ నోరు తెరవలేదు. ఎవరో మనల్ని సగం ముస్లిములని అన్నప్పుడు మనకు మండుతుంది. మనం ఇంకొకరిని సగం మనుషులుగా చూసినప్పుడు కూడా అంతే మండాలి.

జమాత్ అంటే జకాత్ కూడా. ఖర్చులూ అప్పులూ పోను సుమారు 87 గ్రాముల బంగారం, లేదా 612 గ్రాముల వెండి విలువ చేసే సొమ్ము ఏడాది పొడుగునా ఉంటే, అందులో నలభయ్యో వంతు, అంటే నూటికి రెండున్నర పేదలది. ఇది మనం పెట్టే దానం కాదు. వాళ్ళ భాగం మన దగ్గర ఉండిపోయింది, అంతే. మా అబ్బ అంగడి మూలలో మిగిలిన గుప్పెడు దూది లాంటిదే. కన్నవాళ్ళకు, పిల్లలకు ఇస్తే జకాత్ కింద రాదు, వాళ్ళను చూసుకోవడం ఎట్లాగూ మన బాధ్యతే. ఇబ్బందిలో ఉన్న అక్కకో చెల్లెలికో ఇవ్వవచ్చు. ఇక సదఖాకు మతం అడ్డు రాదు. తాను కడుపునిండా తిని పక్కింటివాణ్ణి పస్తుంచేవాడిది ఈమాన్ కాదన్న హదీసులో, ఆ పక్కింటివాడు ఎవరని అడగలేదు. మా జేజి దువా చేసిన ఎదురింటి పిల్ల వాళ్ళు లింగాయతులు.

అందుకే పిల్లలకు నేను చెప్పేది ఇది. ఎవరైనా నిన్ను పూర్తి ముస్లిమువేనా అని అడిగితే భాష గురించి వాదించడానికి పోవద్దు. ఈ రోజు నమాజు చదివినానా, ఇతరుల సొమ్ము నా దగ్గర ఏమైనా మిగిలిపోయిందా, నా వల్ల పక్కవాళ్ళకు భయం ఉందా, నెమ్మది ఉందా అని నిన్ను నువ్వు అడుక్కో. జవాబు తెలుగులో వచ్చినా, కన్నడంలో వచ్చినా, ఉర్దూలో వచ్చినా లెక్క ఒక్కటే.

వచ్చే రంజాన్‌కు మా ఇంట్లో ఒక పని అనుకున్నాం. ఇక్కడి పిల్లలకు కన్నడ లిపి వచ్చు, తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరాలు మాత్రం రావు. కాబట్టి రోజూ ఇఫ్తార్‌కు ముందు అరగంట నేను ఖురాన్ అర్థం తెలుగులో పైకి చదువుతాను, వాళ్ళు వింటారు, అనుమానాలుంటే అడుగుతారు. నాకు తెలియనివి రాసి పెట్టుకుని ఆలిమ్ గారిని అడుగుదాం. చిన్నాయన కూడా వచ్చి కూర్చుంటానన్నాడు, చాయ్ మాత్రం ఇఫ్తార్ అయిన వెంటనే రావాలన్నాడు. హొసపేటలో, గుంతకల్లులో, ఆదోనిలో ఉన్న మన వాళ్ళు కూడా ఈ పని మొదలుపెడితే సంతోషం. మీ ఇంటి జేజిలు, అవ్వలు తెలుగులో చేసిన దువాలు గుర్తుంటే రాసి పంపండి. వాళ్ళ నోటి మాట ఎట్లా ఉంటే అట్లానే రాయండి, దిద్దొద్దు.