శరత్తులో కొల్లేరు



కడచిన ఆశ్వయుజమున, దసరా సెలవులలో, మేము పిల్లలతో కొల్లేరు చూడబోయితిమి. శరత్తనగా తేటనీరు, తామరలు, హంసలు అని పుస్తకములలో చదివి పెరిగినవారమే గాని, ఆ ఋతువును వంటయింటి కిటికీనుండి తప్ప ఎన్నడును ఎదురేగి చూచి యెరుగము.

కైకలూరికి చేరువనున్న ఆటపాకకడ తెల్లవారువేళ గట్టు వెంబడి నడచితిమి. జమ్ము, తుంగ మంచుకు తడిసి వంగియుండెను. మొదట కనబడినది నత్తగుల్లకొంగ. అది ముక్కు మూసినను నడుమ సందు మిగులును. మన అడకత్తెర వంటిదే. ఆ ముక్కుతోడనే గుల్లలోని నత్తను లాగి తినును. "పాపము, దానికి నోరు మూతపడదా?" అని మా చిన్నది జాలిపడెను. మూతపడని నోళ్లు మనుష్యులలోను గలవని మావారు సెలవిచ్చిరి. ఎవరిని గూర్చియో మేమడుగలేదు.

అటుపిమ్మట గూడబాతులు. నీటి నడుమ అటవీశాఖవారు పాతించిన ఇనుపమంచెల మీద అవి కాపురము పెట్టినవి. ఒకటి పుల్ల తెచ్చును, రెండవది సరిచూచి పేర్చును. క్రింది ముక్కునకు జోలెవంటి తోలుసంచి వ్రేలాడుచుండును. దానితో చేపను నీటితోగూడ తోడి, నీరు కార్చి, చేపను మ్రింగును. పిల్లలు పుట్టినపిదప తల్లి గొంతులోనికే తల దూర్చి తినునట. ఎంతసేపు చూచినను తనివి తీరలేదు.

ఇంతలో చిన్నది, "అమ్మా, కొల్లేరేది?" అనెను.

మేము నలుదిక్కులు చూచితిమి. వచ్చిన త్రోవపొడవునను గట్లు, గట్ల నడుమ చేపలచెరువులు. పడవ నడుపు ముసలామె నవ్వి, "మా చిన్నతనంలో ఈ గట్లు లేవండి అమ్మగారూ. ఎటు చూసినా నీళ్లే, తామరాకులే" అనెను.

కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పళ్లెము వంటిది ఈ సరస్సు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదను తనలో నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారమున మెల్లగా సముద్రమునకు విడుచుట దీని పని. గట్లు అడ్డమైనచో నీరు లంకగ్రామముల మీదికి ఎదురుతన్నును. 2024 సెప్టెంబరున విజయవాడ వీధులను ముంచిన బుడమేటి నీరు కడకు చేరవలసినదియు ఇచటికే. 1999లో దీనిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సార్ ఒడంబడిక పట్టికలో చేరెను. 2006లో ప్రభుత్వము చెరువుగట్లను ప్రేల్చి కూల్చెను. తరువాత గట్లు మరల లేచినవి.

ఎవరు లేపిరని మావారితో ఆగ్రహముగా అనబోయి ఆగితిమి. మా పుట్టింటివారికి కొల్లేటి లంకలో కొంచెము జిరాయితీ భూమి గలదు. ఏండ్ల తరబడి దానిని చేపలచెరువునకు కౌలుకిచ్చుచున్నారు. పెండ్లిలో మాకు పెట్టిన బంగారుగాజులు ఆ కౌలుసొమ్ముతో కొన్నవే. పడవకూలి ఇచ్చుటకు చేయి చాపినపుడు అవి గలగలలాడెను. ముసలామె, "గాజులు బాగున్నాయండి" అనెను. మేమేమియు పలుకలేదు.

ఇల్లు చేరిన మరునాడే, వచ్చు సంవత్సరము కౌలు పొడిగింపవలదని అన్నగారికి ఉత్తరము వ్రాసితిమి. ఆయనకును ఇద్దరాడపిల్లలు పెండ్లికెదిగియున్నారు. జవాబింకను రాలేదు.