ఆ గుట్టకీ జంజాన్‌కీ చుట్టరికం

శ్రీశైలం బస్సెక్కిన వాళ్లకి చాంద్రాయణగుట్ట, బార్కస్, షాహీన్‌నగర్ దాటగానే జల్‌పల్లి పక్కన ఓ రాళ్లగుట్ట కనిపిస్తుంది. పైన దర్గా. కొందరు కిటికీలోంచే దణ్ణం పెట్టుకుంటారు. మిగతావాళ్లు సెల్‌ఫోన్లో పడి చూడనే చూడరు. అదే పహాడీ షరీఫ్. ఆ గుట్ట కథ వినాలంటే ఒకసారి ఇరాన్ దాకా వెళ్లి రావాలి!

ఇరాన్‌లో టెహరాన్‌కి వాయవ్యంగా జంజాన్ అనే ప్రావిన్స్ ఉంది. మన లెక్కలో రాష్ట్రమనుకోండి. అందులో సుహ్రవర్ద్ అని చిన్న ఊరు. ఊరు చిన్నదేగానీ అక్కడ పుట్టినవాళ్లు సామాన్యులు కారు. ఒకరు 1191లో అలెప్పోలో మరణశిక్షకు గురైన తత్వవేత్త సుహ్రవర్దీ. ఇంకొకరు బాగ్దాద్‌లో స్థిరపడి, 1234లో కన్నుమూసిన సూఫీ గురువు షిహాబుద్దీన్ ఉమర్ సుహ్రవర్దీ. సూఫీల్లో సుహ్రవర్దీ సంప్రదాయం అంటే ఆ ఊరి పేరే. ఆ గురువు శిష్యుడే ఇరాక్ నుంచి దక్కనుకు వచ్చి ఈ గుట్టమీద స్థిరపడ్డ బాబా షర్ఫుద్దీన్ అని భక్తులు చెబుతారు. ఆయన హిజ్రీ 687లో, అంటే 1288లో పోయారట. అప్పటికి ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుబడి. చార్మినార్ కట్టడానికి ఇంకా 300 ఏళ్లుంది. హైదరాబాద్ అనే మాటే లేదు!

సరే, జంజాన్‌లో చూడ్డానికి ఏముందంటారా? ముందు చెప్పుకోవాల్సింది సుల్తానియా గుమ్మటం. ఒల్జైతు అనే మంగోలు పాలకుడు 1302 నుంచి 1312 దాకా కట్టించాడు. ఎనిమిది పలకల కట్టడం, దానిపైన సుమారు 50 మీటర్ల ఎత్తుకి లేచిన ఇటుక గుమ్మటం. ఒకదానిమీద ఒకటి రెండు పొరలుగా కట్టడం దాని గొప్ప. పైన నీలిరంగు పలకలు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలోకెక్కింది. ఆ నీలం ఎలా ఉంటుందో చూడాలని ఉందా? అంతదూరం వెళ్లక్కర్లేదు. మన పాతబస్తీలోని బాద్షాహీ ఆషుర్‌ఖానా గోడల మీద పర్షియా పనితనపు పలకలు ఇప్పటికీ మెరుస్తున్నాయి.

ఇక చెహ్రాబాద్ ఉప్పుగని. 1993లో అక్కడ తవ్వుతుంటే పొడుగు జుట్టూ గడ్డమూ ఉన్న ఓ మనిషి తల బయటపడింది. తోలు బూటులో ఉన్న కాలు కూడా దొరికింది. సుమారు 1700 ఏళ్లనాటి మనిషి! ఉప్పులో ఊరేసిన మామిడికాయలా చెడకుండా ఉండిపోయాడు పాపం. ఆ తర్వాత మరికొందరు దొరికారు. మొదటివాడు టెహరాన్ మ్యూజియంలో ఉన్నాడు. తర్వాత దొరికిన వాళ్లలో కొందరిని జంజాన్‌లోనే చూడొచ్చు. సుహ్రవర్ద్ ఉన్న ఖొదాబందే ప్రాంతంలోనే కతలేఖోర్ గుహ కూడా ఉంది. మన బొర్రా గుహల్లాగే సున్నపురాయిని నీరు కరిగించి చేసింది. లోపల దీపాలు పెట్టి, దారి వేసి, టికెట్టు కొట్టి మరీ చూపిస్తారు.

ఇక్కడ, జల్‌పల్లిలోనూ శిల్పి నీరే. కాకపోతే రాయి వేరు. ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోతుల్లో చల్లారి గట్టిపడి, పైనున్న మట్టీ రాయీ కొట్టుకుపోయాక బయటపడింది. పగుళ్లలోకి నీరు దిగి అంచుల్ని తినేసింది. మూలలు పోయి బండలు గుండ్రమయ్యాయి. చుట్టూ ఉన్న మెత్తటి భాగం వానలకి పోయి, ఒకదానిమీద ఒకటి నిలబెట్టినట్టు గుండ్లు మిగిలాయి. ‘ఎవరు పెట్టారమ్మా అంత పైన?’ అని పిల్లలు అడిగితే చెప్పాల్సిన జవాబు ఇదే.

ఆ రాతి మీద పడ్డ వాన దిగువకి జారి చెరువుల్లో నిలిచేది. జల్‌పల్లి పేరులోనే నీళ్లున్నాయి, ఊళ్లో చెరువూ ఉంది. కానీ చుట్టూ పాత ప్లాస్టిక్, తుక్కు గోదాములు లేచాయి. నీళ్లలోకి మురుగు చేరింది. కొంగలు కనిపించినచోటే కవర్లూ తేలుతుంటాయి. గుండ్లదీ అదే గతి. నగరం పెరిగేకొద్దీ ప్లాట్లకి అడ్డమని కొన్ని, కంకరకని కొన్ని పేలిపోయాయి. హైదరాబాద్ రాళ్లని కాపాడాలంటూ 1996లో కొందరు ఓ సొసైటీయే పెట్టుకున్నారంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. అక్కడ గుహకి టికెట్టు పెట్టారు, ఇక్కడ గుండుకి మందు పెట్టారు. ఈ గుట్ట ఇంకా గుట్టలా మిగిలిందంటే దానికి కారణం పైనున్న సమాధి మీద జనానికున్న గౌరవమే అనిపిస్తుంది. దర్గా లేని పక్క గుట్టలకి ఆ రక్షణ లేదు.

వెళ్లాలనుకుంటే ఎండ ముదరకముందే వెళ్లండి. మెట్లెక్కాలి, నీళ్ల సీసా మరిచిపోవద్దు. దర్గాలోకి తలమీద గుడ్డతో వెళ్లడం మర్యాద. హిందువులూ మొక్కులు చెల్లించుకునే చోటిది. షాబాన్ నెలలో ఉర్సు జరుగుతుంది. అప్పుడు గుట్టంతా జనమే కాబట్టి, రాళ్లు చూడాలనుకునేవాళ్లు వేరే నెల చూసుకోవడం మంచిది. తిరుగుదారిలో బార్కస్‌లో ఆగండి. నిజాం కొలువులో సిపాయిలుగా చేరిన యెమెన్ అరబ్బుల బ్యారక్సే నోళ్లలో నలిగి బార్కస్ అయింది. పొద్దున్నే అయితే వేడివేడి హరీస్ దొరుకుతుంది. కాలం కలిసొస్తే బార్కస్ జామకాయలు కూడా.

గుట్టమీద నిలబడితే ఒకవైపు శంషాబాద్‌కి దిగే విమానాలు. 2008లో ఎయిర్‌పోర్టు వచ్చినప్పటినుంచీ ఆ సందడే. రెండోవైపు, ఇళ్ల మధ్య ఎండకి మెరుస్తూ చెరువు. అంతదూరం నుంచి చూస్తే కవర్లు కనపడవు.