గైడు అడిగిన ప్రశ్న

కంప్యూటర్ సైన్సులో పీహెచ్‌డీకి ఏం గావాలో 2022 యూజీసీ నిబంధనల్లో రాసుండాది. పీజీలో 55 శాతం మార్కులు, మాకు 5 శాతం సడలింపు. రాతపరీక్షకి 70, ఇంటర్వ్యూకి 30. చేరినాక కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్కు, సిద్ధాంత గ్రంథం, వైవా. అన్నీ చదువుకునే చిత్తూరులో తిరపతి బస్సెక్కినా.

రాతపరీక్ష గట్టెక్కినాక, నిబంధనల్లో లేనిది గైడు గదిలో ఎదురైంది.

"యా ఊరబ్బా? ఊర్లో యాపక్క? మీ నాయన ఏంజేస్తాడు?"

"చెరుకు కొడతాడు సార్."

నేను రాసిన అల్గారిథం కాగితం తిప్పనే లేదు. "నా దగ్గర ఖాళీల్లేవు" అన్నాడు. వారం తిరక్కుండానే ఆ ఖాళీ ఇంకొకడికి దొరికింది.

సున్నా, ఒకటి తప్ప ఎరగని యంత్రం నా వాడ పేరు అడగలేదు. దాని చదువుకు కాపలా గాసేవాడే అడిగినాడు. మా 5 శాతాన్ని ఎగతాళి చేసే మెరిట్ పెద్దలారా, ఈ లెక్క తేల్చండి: గైడు తలూపడానికి ఎన్ని మార్కులు?