లాగింది కదా అని మోసినట్టేనా?

"కంపెనీవాడు ఎప్పుడూ తక్కువే రాస్తాడండీ, రేపేదైనా అయితే తన మీదికి రాకుండా. మన బండి ఇంకో క్వింటా వేసినా లాగుతుంది." కారున్న ఇళ్లలో ఈ మాట వినపడకుండా సంక్రాంతి గడవదు. చెప్పేది తెలివితక్కువవాళ్లు కాదు. బండిని కళ్లలో పెట్టుకుని చూసుకునేవాళ్లు, చిన్న గీత పడితే రెండు రోజులు అన్నం సయించనివాళ్లు కూడా ఇదే అంటారు. అందుకే ఈ మాటతో తగువు పెట్టుకోవాలి.

కనుమ వెళ్లిన మర్నాడు 65వ నంబరు జాతీయ రహదారి మీద, పంతంగి టోల్‌గేటు దగ్గర కాసేపు నిలబడితే నేను దేని గురించి చెబుతున్నానో తెలుస్తుంది. కార్లన్నీ వెనక చక్రాల మీద కూలబడి, ముక్కు పైకెత్తుకుని వస్తుంటాయి. డిక్కీలో బియ్యం బస్తాలు. వెనక అద్దం మూసుకుపోయేలా అరిసెల డబ్బాలు, ఆవకాయ జాడీలు, అరటిగెల. నెత్తిన క్యారియర్, దాని మీద పరుపు, పరుపు మీద పట్టా, పట్టా చుట్టూ నీలం రంగు నైలాన్ తాడు. లోపల అయిదుగురి చోట ఆరుగురు, ఒళ్లో చంటిపిల్ల. గేటు లేవగానే కారు కదులుతుంది, వేగం అందుకుంటుంది. "చూశావా, లాగింది!"

లాగింది. కాదని ఎవరన్నారు? లాగడం ఇంజను పని, ఈనాటి ఇంజన్లకు ఆ సత్తా ఉంది. మోసేవి వేరే ఉన్నాయి. అవి టైర్లు, స్ప్రింగులు, ఇరుసు, పైకప్పు. ఆపేవి బ్రేకులు. తిప్పేవి ముందు చక్రాలు. క్షేమంగా ఇంటికి చేరిన బండి ఇంజను పరీక్షలో పాసయింది, అంతవరకే. మిగతావాటికి ఆ రోజు పరీక్షే జరగలేదు. గేదె అడ్డం రాలేదు, ముందు లారీ సడన్ బ్రేకు వేయలేదు, టైరు పేలలేదు. జరగని పరీక్షలో ఫస్టుక్లాసు వచ్చిందని చెప్పుకుంటున్నాం.

ముందు లెక్క చూద్దాం. ప్రతి కారుకూ ఖాళీ బరువు ఒకటి, అన్నీ కలుపుకుని దాటకూడని మొత్తం బరువు ఒకటి ఉంటాయి. ఖాళీ బరువు ఆర్‌సీలో ఉంటుంది, మొత్తం బరువు మాన్యువల్ చివరి పేజీల్లో ఉంటుంది. ఒక చిన్న కారుకు అవి 900, 1350 కిలోలనుకోండి. తేడా 450 కిలోలు. "అమ్మో, నాలుగున్నర క్వింటాళ్లా!" అని సంబరపడకండి. మనిషికి 65 కిలోల చొప్పున అయిదుగురు ఎక్కితే 325 పోయాయి. మనలో అయిదుగురూ 65 దగ్గర ఆగే కుటుంబాలెన్నో మీకే తెలుసు. మిగిలింది 125. అందులో 26 కిలోల బియ్యం బస్తాలు నాలుగు వేస్తే 104. ఇక మిగిలిన 21 కిలోల్లో సూట్‌కేసులు, జాడీలు, అరటిగెల, క్యారియర్, పరుపు, ఆరో మనిషి! సీఎన్‌జీ కారైతే సిలిండరుతో, దాని సరంజామాతో ఖాళీ బరువే సుమారు 90 కిలోలు పెరిగి ఉంటుంది. పైగా డిక్కీ సిలిండరుకు పోయింది కాబట్టి సామానంతా నెత్తికెక్కుతుంది. అంటే మోసే ఓపిక తక్కువున్న కారు మీదే ఎక్కువ కడుతున్నాం.

(బస్తా 26 కిలోలెందుకని అడుగుతారేమో. 2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ బియ్యం మీద జీఎస్టీ వేశాక పుట్టిన బస్తా అది. పన్ను తప్పించుకోవడానికి కిలో లెక్క అంత పక్కాగా వేసుకున్నవాళ్లం, కారు దగ్గరికొచ్చేసరికి లెక్క మరిచిపోతాం.)

ఇక నెత్తి సంగతి. చాలా కుటుంబ కార్ల పైకప్పు మోయగలిగేది 50 నుంచి 75 కిలోలే, అదీ క్యారియర్ బరువుతో కలిపి. ఇనప క్యారియరే పది పదిహేను కిలోలు తినేస్తుంది. కొన్ని మోడళ్లకు పైన మెరుస్తూ కనిపించే రూఫ్ రెయిల్స్ ఉత్త అలంకారం, వాటికి ఏమీ కట్టవద్దని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ఇది చెప్పగానే పెద్దవాళ్లు ఒక బ్రహ్మాస్త్రం తీస్తారు: "అంబాసిడర్ మీద పెళ్లి సామానంతా వేసుకుని పోయేవాళ్లం నాయనా, అప్పుడేమైంది?"

అంబాసిడర్‌ను తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ కారుకు పైకప్పు అంచు పొడవునా వాననీటి కాలువ ఉండేది. దళసరి రేకు మడత అది. క్యారియర్ కొక్కేలు దాన్ని పట్టుకుని బిగిసేవి. వెనక ఇరుసు కింద లారీకి మల్లే కమాన్ కట్టలుండేవి. ఇప్పటి కార్లకు ఆ కాలువ లేదు. కొక్కెం తలుపు సందులో రబ్బరు మీద కూర్చుంటుంది, లేదంటే పలచటి రేకు మీద. అన్నిటికన్నా ముఖ్యం, అంబాసిడర్ ఆ సామానుతో ఏ వేగంతో పోయింది? రెండు వరుసల రోడ్డు మీద, ఎడ్లబళ్లనీ సైకిళ్లనీ తప్పించుకుంటూ యాభై, మహా అయితే అరవై. ఇప్పుడు నాలుగు వరుసల రహదారి మీద కారుకు 2018 నుంచి గంటకు 100 కిలోమీటర్ల దాకా అనుమతి ఉంది. సామాను అదే, తాడు అదే, వేగం రెట్టింపు. వేగం రెట్టింపైతే గాలి దెబ్బ నాలుగు రెట్లవుతుంది.

ఈ గాలి విషయమే మనవాళ్లకు అస్సలు పట్టదు. బరువున్నది ప్రమాదం, తేలికైనది క్షేమం అనుకుంటారు. అందుకే బియ్యం బస్తా డిక్కీలోకి, పరుపు నెత్తి మీదికి. నిజానికి నెత్తి మీద అన్నిటికన్నా మొండి సరుకు పరుపే. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి చదరపు మీటరుకు దాదాపు 12 కిలోల బరువంత ఒత్తిడితో కొడుతుంది. వందలో అది 47 కిలోలు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న పరుపు వైశాల్యం రెండు చదరపు మీటర్ల పైమాట. ముందు అంచు కాస్త లేచి గాలి కిందికి దూరిందా, పదిహేను కిలోల పరుపును దాని బరువుకు కొన్ని రెట్ల బలం పైకి ఎత్తుతుంది. కిటికీలోంచి చెయ్యి చాపి పరుపు అంచు పట్టుకుని కూర్చునే బావమరిది ఆ బలం ముందు ఏపాటి? పరుపు ఎగిరి పడేది మన మీద కాదు. వెనకాల హెల్మెట్ లేకుండా వస్తున్న బైకు మీద.

తాడు గట్టిదే కదా అంటారు. నైలాన్ తాడు తెగదు, నిజం. కానీ సాగుతుంది. బయల్దేరినప్పుడు వీణ తీగలా మోగిన తాడు నలభై కిలోమీటర్లు పోయేసరికి వదులవుతుంది, ఎందుకంటే పరుపు అణిగింది, ముడి జారింది, తాడు సాగింది. నాలుగు తలుపుల సందుల్లోంచి తాడు తిప్పి లోపల ముడి వేసే పద్ధతైతే మరీ ఘోరం. ఆ కారు తలుపులు తెరుచుకోవు. నిప్పంటుకుంటే ఏం చేస్తారు? పట్టీని గేరుతో బిగించే రాచెట్ బెల్టులు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతున్నాయి, ఓ పూట టిఫిన్ ఖర్చుకు కాస్త అటూ ఇటూ. వాటితో అడ్డంగా రెండు చోట్ల, ముందుకూ వెనక్కూ ఒక్కోటి బిగించి, మొదటి టీ దగ్గర దిగి మళ్లీ చూసుకునేవాళ్లతో నాకు తగువు లేదు. అలాంటివాళ్లు ఎంతమంది?

ఇప్పుడు కార్ డెకార్ షాపుకు వద్దాం. అక్కడ మన భ్రమలకు నట్లూ బోల్టులూ దొరుకుతాయి. "వెనక కూలబడుతోంది అన్నా" అంటే స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు వేస్తాడు. బండి లేచి నిలబడుతుంది. యజమానికి సంతోషం, మరో బస్తా పడుతుంది. కూలబడటం రోగం కాదు, రోగం ఉందని చెప్పే జ్వరం. బఫరు జ్వరాన్ని దాచింది. టైరు మోసే బరువు పెరగలేదు, బ్రేకు పట్టు పెరగలేదు, మొత్తం బరువు పరిమితి కిలో కూడా పెరగలేదు.

ముందు బిగించే ఇనప గార్డు సంగతీ అంతే. "గుద్దినా మన బండికేం కాదు" అని వేయిస్తారు. గుద్దినప్పుడు ముందుభాగం నలిగి దెబ్బను మింగాలనే కారును అలా కట్టారు. గార్డు ఆ దెబ్బను నలగనివ్వకుండా నేరుగా ఛాసిస్‌కు, అక్కణ్ణించి లోపలివాళ్లకు చేరవేస్తుంది. ఎయిర్‌బ్యాగు ఎప్పుడు విచ్చుకోవాలో చెప్పే సెన్సర్ల లెక్క తప్పుతుంది. పాదచారి సంగతి చెప్పనే అక్కర్లేదు. 2017 డిసెంబరు 7న కేంద్ర రవాణా శాఖ ఇలాంటి గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని రాష్ట్రాలకు రాసింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు నమూనాకు భిన్నంగా బండిని మార్చకూడదని తేల్చింది. అదే ఏడాది చట్ట సవరణతో, ఎక్కించిన సామాను బండికి పక్కలకో ముందుకో వెనక్కో హద్దు మీరి పొడుచుకొస్తే కూడా 20,000 రూపాయల జరిమానా వచ్చింది. "మరి షాపులో అమ్ముతున్నారుగా?" అన్న ప్రశ్నకు జవాబు చిన్నది. అంగట్లో దొరకడం వేరు, బండికి బిగించడం వేరు. ప్రమాదమైతే బీమా కంపెనీ ముందు నిలబడేది షాపువాడు కాదు.

"సరే, నెత్తిన ఏమీ పెట్టం, అంతా లోపలే" అనేవాళ్లకూ ఒక మాట. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నో గుద్ది ఆగిపోతే, లోపల కట్టని వస్తువు మాత్రం ఆగదు. అదే యాభైతో ముందుకొస్తుంది. 26 కిలోల బస్తా ఆ వేగంతో తగలడమంటే మూడంతస్తుల మేడ మీంచి నెత్తిన పడ్డట్టు. ఎనభైలో అయితే ఎనిమిదో అంతస్తు. వెనక సీటు వెనకున్న పలక మీద పెట్టిన పచ్చడి జాడీ ముందు పసిపిల్ల తల ఉంటుందని గుర్తుంచుకోండి. బరువైనవి కిందన, డిక్కీలో సీటు వీపుకు ఆనించి పెట్టాలి, తేలికైనవి వాటి మీద. వెనక సీటులో ఎవరూ లేకపోయినా దాని బెల్టులు పెట్టి ఉంచితే సీటు వీపుకు కాస్త ఆసరా. మనుషులుంటే ఎలాగూ పెట్టుకోవాలి. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో, వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయాక వారం రోజులు అందరం మాట్లాడుకున్నాం, తర్వాత మరిచిపోయాం.

డ్రైవరు కుడి మోకాలి దగ్గర, చాలా కార్లలో, 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. ఏళ్ల తరబడి నడిపినవాళ్లలో చాలామంది దాన్ని ముట్టుకుని ఉండరు. వెనక బరువు పడి ముక్కు లేచినప్పుడు హెడ్‌లైట్ల వెలుగును కిందికి దించడానికి పెట్టింది అది. దించకపోతే మన డిమ్ లైటే ఎదుటివాడి కళ్లలో హై బీమ్. అలాగే డ్రైవరు తలుపు తెరిస్తే చట్రం మీద టైరు గాలి స్టిక్కరు కనపడుతుంది. చాలా కార్లకు అందులో రెండు లెక్కలుంటాయి, కొద్దిమంది ఎక్కితే ఒకటి, నిండా బరువుంటే ఒకటి. పంపు దగ్గర కుర్రాడు అన్ని కార్లకూ ఒకే అంకె కొడతాడు, మనం "సరే" అంటాం. బరువెక్కువ, గాలి తక్కువ, ఎండలో కాలిన తారు, వంద వేగం కలిస్తే టైరు పేలడం విధి రాత కాదు.

ఇంత చెప్పాక కూడా ఒక వాదన మిగులుతుంది, అది న్యాయమైనదే. పండక్కి రైల్లో రిజర్వేషన్ దొరకదు, ప్రైవేటు బస్సు టికెట్టు విమానం రేటవుతుంది. పల్లెలో అమ్మ మూటలు కట్టి గుమ్మంలో పెడుతుంది, వద్దంటే కళ్ల నీళ్లు పెట్టుకుంటుంది. కాదనలేం. కానీ ఆ మూట మన కారులోనే రావాలని ఎక్కడుంది? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆర్టీసీ కార్గో ఉంది. తెనాలిలో వేసిన బస్తా హైదరాబాద్‌లో అందుతుంది. దాని ఖర్చు "దండగ" అంటున్నవాళ్లే గార్డుకూ, బఫర్లకూ, క్యారియర్‌కూ వేలు పోస్తున్నారు. పరుపూ బీరువా మార్చాలంటే ఊళ్లో టాటా ఏస్ మాట్లాడుకోండి, సామాను మోయడానికే పుట్టిన బండి అది.

నిజంగా క్యారియర్ కావాలంటే, ఈసారి షాపుకు వెళ్లినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. "నా మోడల్‌కు ఇది ఎన్ని కిలోలు మోస్తుందని రాసి ఉంది, చూపించండి." పక్కనే మీ మాన్యువల్ తెరిచి పట్టుకోండి. రెండు అంకెల్లో చిన్నదే మీ లెక్క. అంకె చూపించకుండా "ఏం కాదన్నా, అందరూ వేయిస్తున్నారు" అంటే, కారెక్కి వచ్చేయండి.