స్పెషల్ టీచరుకి ఆనర్స్ ఎందుకు?

మా అక్కా బావా టెక్సాస్‌లో ఉంటారు. మేనల్లుడికి ఎనిమిదేళ్ళు, ఆటిజం ఉంది. పోయినేడాది నేను ఆన్‌సైట్ పని మీద వెళ్ళినప్పుడు అక్క "నువ్వూ రారా, నాకు కంగారుగా ఉంటుంది" అంటూ వాడి స్కూల్లో ఐఈపీ మీటింగుకి లాక్కెళ్ళింది. ఐఈపీ అంటే ఆ ఒక్క పిల్లాడి కోసం రాసే చదువు ప్రణాళిక. 1975 నాటి చట్టం వల్ల అది అక్కడ వాడి హక్కు, ఎవరి దయా కాదు.

టీచరమ్మకి పాతికేళ్ళు కూడా ఉండవు. మా ముందు ఒక గ్రాఫు పెట్టింది. ఒక పని ఆపి ఇంకో పనికి వాడు పేచీ పెట్టకుండా రోజుకి ఎన్నిసార్లు వెళ్ళాడు? బొమ్మల టైంటేబుల్ పెట్టకముందు ఎంత, పెట్టాక ఎంత, కొన్నాళ్ళు తీసేస్తే ఎంత, మళ్ళీ పెడితే ఎంత?

నాకు మతిపోయింది. ఇది మనం బగ్ పట్టుకునే పద్ధతే కదండీ! ఒక్కటే మార్చు, లాగ్ చూడు, వెనక్కి తీసెయ్, మళ్ళీ పెట్టి చూడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, డిగ్రీలో ఆనర్స్ థీసిస్ చేశానంది. మామూలు కోర్సులు, ప్రాక్టీస్ టీచింగ్ కాక, ఒక ప్రొఫెసర్ దగ్గర ఏడాదిపాటు ఒకే ప్రశ్న పట్టుకు కూర్చోవడం. ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, ఆఖర్న అందరి ముందూ నిలబడి జవాబు చెప్పుకోవడం.

ఈ పిల్లల్లో ఏ ఇద్దరూ ఒకలా ఉండరు. వందమంది సగటు చూసి మా వాడి సంగతి చెప్పలేం. అందుకే ఒక్క పిల్లాడినే వాడితోనే పోల్చే పద్ధతి ఈ రంగంలో అంత ముఖ్యం. ఆటిజం ఉన్న ఒక అబ్బాయి కేసులో 2017లో అమెరికా సుప్రీంకోర్టు, ఏదో పేరుకి కాస్త ముందుకెళ్తే సరిపోదని తేల్చింది. మరి ముందుకెళ్ళాడో లేదో కొలవడం టీచరుకి రావాలిగా?

మన దగ్గర 1984 నుంచి సికింద్రాబాదులో జాతీయ సంస్థే ఉంది. 1992 చట్టంతో స్పెషల్ టీచర్లకి రిజిస్ట్రేషనూ వచ్చింది. 2021లో మన సుప్రీంకోర్టు ప్రైమరీలో పదిమంది పిల్లలకి ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలంది. పోస్టులు ప్రకటించమని 2025లో రాష్ట్రాలకి మళ్ళీ చెప్పాల్సొచ్చింది.

"హెడ్‌కౌంటే లేదు, నీ ఆనర్స్ గోలేంటి?" అంటారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. థీసిస్ రుచి మరిగినవాళ్ళు పీహెచ్‌డీలకి పోయి క్లాసురూం వదిలేస్తారన్న భయం కూడా ఉంది. నేను అందరికీ తప్పనిసరి చెయ్యమనట్లేదు. ఇష్టపడ్డవాళ్ళకి ఒక దారుండాలి. ప్రశ్న క్లాసురూంలోంచే పుట్టాలి, ఫలితం ఆ అమ్మానాన్నలకి అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. అలాంటి టీచరు మండలానికి ఒక్కరున్నా పక్క స్కూళ్ళవాళ్ళు చూసి నేర్చుకుంటారు. మన టీముల్లో ఒక మంచి సీనియర్ ఉంటే జరిగేది అదేగా.

మీటింగయ్యాక కార్లో అక్క అంది: "అమ్మకి ఒంట్లో బాగుండట్లేదు, వచ్చేద్దామనే ఉందిరా. అక్కడ వీడికి ఇలా గ్రాఫు గీసేవాళ్ళు దొరుకుతారా?"

ఊళ్ళో ఇల్లుంది, బావకి హైదరాబాదులో ఉద్యోగం దొరుకుతుంది. దానికి జవాబుంది. దీనికే నా దగ్గర లేకపోయింది.