కొండెక్కితేనే సభ్యత్వం

ఏదైనా సంఘంలో చేరాలంటే ఏం చేస్తాం? ఫారం నింపుతాం, చందా కడతాం, రెండు ఫొటోలు ఇస్తాం. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ నగరంలో మజామాస్ అని ఒక పర్వతారోహణ సంఘం ఉంది. కొండమేక అనే అర్థంలో పెట్టుకున్న పేరది. నూరేళ్లకు పైగా ఆ సంఘం అడిగిన అసలు ఫీజు డబ్బు కాదు. హిమానీనదం ఉన్న శిఖరాన్ని ఒక్కటైనా ఎక్కి ఉండాలి. అదీ సొంత కాళ్ల మీద! గుర్రమెక్కి చేరుకోగలిగే కొండలు లెక్కలోకి రావు.

ఆ సంఘం పుట్టిందే శిఖరం మీద. 1894 జులై 19న విలియం గ్లాడ్‌స్టన్ స్టీల్ అనే ఆయన పిలుపుతో వందల మంది మౌంట్ హుడ్ పాదం దగ్గర గుడారాలు వేశారు. 11,200 అడుగులు దాటిన ఆ కొండ మీదికి దాదాపు 190 మంది చేరుకున్నారు. వారిలో 105 మంది వ్యవస్థాపక సభ్యులయ్యారు. ఆడవాళ్లూ ఉన్నారు. 1890లోనే మౌంట్ రైనియర్ ఎక్కిన ఫే ఫుల్లర్ వారిలో ఒకరు. లండన్‌లో 1857లో పుట్టిన ఆల్పైన్ క్లబ్ మహిళలకు తలుపు తీసింది 1970లలో. అంతవరకూ వాళ్లు వేరే క్లబ్బు పెట్టుకుని కొండలెక్కారు. ఆ లెక్కన మజామాస్ షరతు కఠినమైనదే గానీ, మొదటి రోజు నుంచీ అందరికీ ఒక్కటే.

కొత్తవారిని ఊరికే కొండ మీదికి తోలరు. వసంతకాలంలో వారాల తరబడి తరగతులు. తాడు ముడులు వేయడం, మంచు గొడ్డలి పట్టుకోవడం, కాలు జారితే ఆ గొడ్డలిని మంచులో గుచ్చి ఒంటి బరువంతా దానిమీద వేసి ఆగడం... ఇవన్నీ పల్లపు మంచు మీద మళ్లీ మళ్లీ చేయిస్తారు. మౌంట్ హుడ్ దక్షిణపు దారిలో నడక సాధారణంగా అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. 6 వేల అడుగుల ఎత్తున టింబర్‌లైన్ లాడ్జి దగ్గర తలకు దీపాలు కట్టుకుని బయల్దేరతారు. రాత్రే ఎందుకంటే, చలికి మంచు గట్టిపడి ఉంటుంది. బూట్లకు బిగించిన ఇనప ముళ్లకు పట్టు దొరుకుతుంది. ఎండ తగిలిందా, మంచు మెత్తబడి పైనుంచి రాళ్లు, మంచుగడ్డలు ఊడిపడతాయి.

నడకలోనూ ఒక కిటుకుంది. వెనక కాలు నిటారుగా పెట్టి, బరువు దానిమీద ఉంచి, ఒక్క క్షణం ఆగి అప్పుడు ముందు అడుగు. తిరుమల మెట్ల దారిలో మొదట పరుగులు తీసి మోకాళ్ల పర్వతం దగ్గర కూలబడేవాళ్లను చూసినవారికి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. పైకి వెళ్లేకొద్దీ గంధకం వాసన ముక్కుకు కొడుతుంది. హుడ్ అగ్నిపర్వతం మరి, లోపలి పొయ్యి ఇంకా చల్లారలేదు.

ఇంత దాకా బాగానే ఉంది. శిఖరం అందితేనే సభ్యత్వం అన్నప్పుడు, 300 అడుగుల కింద నిలబడి 'ఇక దిగిపోదాం' అని చెప్పగలిగేవారెవరు? కొత్తవాళ్లు రాత్రంతా నడిచారు. సెలవు పెట్టుకుని, ఇంట్లో గొప్పగా చెప్పి వచ్చారు. శిఖరం కళ్లెదుటే ఉంది. నాయకుడు మబ్బు వైపు చూస్తున్నాడు.

1986 మే నెలలో ఇదే కొండ మీదికి ఒక పాఠశాల బృందం వెళ్లింది. మజామాస్‌కు సంబంధం లేని బృందం. కొందరు ముందే ఒంట్లో బాగాలేక దిగిపోయారు. మిగిలినవారు వాతావరణం చెడుతున్నా పైపైకి సాగారు. వెనక్కి తిరిగేసరికి తుఫాను కమ్మేసింది. మంచులో గుహ తవ్వుకుని తలదాచుకున్నారు. ఏడుగురు విద్యార్థులు, ఇద్దరు పెద్దలు చనిపోయారు. ముందే దిగిపోయినవాళ్లు బతికారు.

నా మట్టుకు నాకు మజామాస్ పాత షరతు మీద గౌరవం ఉంది, కాస్త భయమూ ఉంది. డబ్బుతోనో, సిఫార్సుతోనో దొరకని సభ్యత్వం కనుక గౌరవం. 'ఇంకొక్క పది నిమిషాలు' అనిపించే గుణం దానిలో ఉంది కనుక భయం. కొత్త సభ్యుణ్ని శిఖరం మీద చప్పట్లతో ఆహ్వానించడం ఏ సంఘానికైనా సులువే. దగ్గరదాకా వచ్చి దిగిపోయినవారిని మళ్లీ వచ్చే నెల పిలిచి తీసుకెళ్లే సంఘమైతే నేను మా ఇంటి పిల్లల్ని పంపుతాను.

వేసవి సెలవుల్లో మనాలీకో, ఉత్తరాఖండ్‌కో ట్రెక్కింగ్ శిబిరాలకు పిల్లల్ని పంపే ఇళ్లు మన దగ్గరా ఉన్నాయి. కరపత్రాల్లో జెండా పట్టుకున్న ఫొటోలే కనిపిస్తాయి. ఎన్ని గంటలకు వెనక్కి తిరుగుతారు, ఆ నిర్ణయం ఎవరిది, అంతకుముందు ఎక్కడ నేర్పించారు అని నిర్వాహకులను అడగండి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ కూడా మొదట తాడు పట్టింది భువనగిరి రాతికొండ మీదే.

అన్నట్టు, మజామాస్ పేరుతో ఒక పర్వతం కూడా ఉంది. 1896లో ఆ సంఘం వాళ్లు క్రేటర్ లేక్‌కు వెళ్లినప్పుడు మౌంట్ మజామా అని పేరు పెట్టి వచ్చారు. సుమారు 7,700 ఏళ్ల కిందటే అది పేలి లోపలికి కుంగిపోయింది. శిఖరం ఉండాల్సిన చోట ఇప్పుడు 1,900 అడుగులకు పైగా లోతైన నీలిరంగు సరస్సు ఉంది.