ఏ కంపెనీ, ఏ పని? అడగని ఆసుపత్రులు

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ కంపెనీ పేలిపోయాక, ఆ పూట లోపల ఎవరెవరున్నారో తేల్చడానికి రోజులు పట్టింది. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు తమవాళ్ల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగాయి. గుర్తుపట్టలేని దేహాలకు డీఎన్‌ఏ పరీక్షలే దిక్కయ్యాయి. చివరికి 46 మంది చనిపోయారనీ, మరో ఎనిమిది మంది ఆనవాళ్లే దొరకలేదనీ చెప్పారు. చాయ్ డబ్బులు కూడా ఫోన్‌లోనే కట్టే కాలంలో, హైదరాబాద్‌ను ఆనుకునే ఉన్న పటాన్‌చెరు ప్రాంత పారిశ్రామికవాడలో కంపెనీ హాజరుపట్టీకీ ఆసుపత్రికీ మధ్య ఏ లింకూ లేకపోవడం క్షమించరాని లోపం.

నెట్‌వర్కులు లేక కాదు. 2005లో 108 వచ్చింది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, ఇప్పుడు 14 అంకెల ఆభా ఆరోగ్య ఖాతా నంబరూ ఉంది. ఇవన్నీ రోగి ఎవరు, జబ్బేమిటి, చికిత్సేమిటి అని అడుగుతాయి. ఏ కంపెనీలో ఏ రసాయనం మధ్య పనిచేస్తున్నాడని మాత్రం అడగవు. ఈ ప్రాంతంలో వైద్యానికి అది ప్రాణావసరమైన ప్రశ్న. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఒంటిమీద పడితే వెంటనే కాల్షియం మందు పూయాలి. మామూలు ఆమ్లమే అనుకుని వదిలేస్తే అది లోపలి కండను, ఎముకను తినేస్తుంది, గుండెకూ ముప్పు తెస్తుంది. ఆ రసాయనం పేరు కంపెనీ రికార్డుల్లో ఉంటుంది. అంబులెన్సు బయల్దేరేలోపే అది డాక్టరు ఫోన్‌కు చేరడం సాంకేతికంగా పెద్ద పనేం కాదు.

నిదానంగా తినేసే జబ్బుల సంగతి ఇంకా ఘోరం. ఇక్కడికి దగ్గర్లోని గడ్డపోతారంలో ఒకే కంపెనీలో పనిచేసే పదిమంది ఒకే రకం దగ్గుతో మూడు ఆసుపత్రులకు వెళితే, ఎవరి ఓపీ చీటీ వారిదే, ఎవరి సిరప్పు వారిదే. ఆ పది చీటీలను పక్కపక్కన పెట్టి చూసేవారు లేరు. పటాన్‌చెరు కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. స్థానిక వైద్యుడు అల్లాణి కిషన్‌రావు ఏళ్ల తరబడి పోరాడారు. ఇక్కడి ఫ్యాక్టరీల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. నీటిలో మందు ఎంతుందో లెక్క తేలింది గానీ, ఆ మందు తయారుచేసేవారి ఒంట్లో ఏం జరుగుతోందో రోజువారీ లెక్క నేటికీ లేదు.

కార్మికుడి జబ్బు యాజమాన్యానికి తెలిస్తే పని ఊడుతుందన్న భయం న్యాయమైనదే. కాంట్రాక్టు కూలీకైతే మర్నాడే గేటు మూస్తారు. అందుకే సమాచారం ఒక్క వైపే నడవాలి. హాజరు, రసాయనాల జాబితా కంపెనీ నుంచి ఆసుపత్రికి రావాలి. రోగి వివరం ఒక్కటీ కంపెనీకి పోకూడదు. ఫ్యాక్టరీల శాఖకు సైతం పేర్లు లేని లెక్కలే మొదట అందాలి. హ్యాకర్ల భయమూ ఉంది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు కుప్పకూలి రోజుల తరబడి కాగితాల మీదే పని నడిచింది. దాన్నుంచి నేర్వాల్సింది విడి నకళ్లు దాచుకోవడం, సర్వర్లు పడిపోయినా పని ఆగకుండా చూసుకోవడం. నెట్‌వర్కే వద్దనుకోవడం కాదు. ఇక డాక్టర్లకు తీరిక లేదన్న మాట నిజమే. కానీ ‘ఏ కంపెనీ, ఏ పని’ అన్న ప్రశ్న ఓపీ కౌంటర్‌లో అడిగేది, అర నిమిషం పని.

పైగా ఇది కొత్త కోరికేమీ కాదు. ప్రమాదకర రసాయనాల మధ్య పనిచేసేవారి ఆరోగ్య రికార్డులు ఉంచి తీరాలని భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లోనే ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ఆ రికార్డులు కంపెనీ బీరువాల్లో ఉండిపోతే చికిత్సకు పనికిరావు. నెట్‌వర్కు రూపొందించే సత్తా కోసం దూరం వెళ్లనక్కర్లేదు, హైదరాబాద్ ఐఐటీ ఇక్కడి కందిలోనే ఉంది. పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి, రామచంద్రాపురం ఈఎస్ఐ, సంగారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ కౌంటర్లలో ‘ఏ కంపెనీ, ఏ పని’ అన్న రెండు గడులతో ప్రభుత్వం వెంటనే మొదలుపెట్టాలి.